ఆపరేషన్‌కి ముందు పెట్టే సంతకం: రోగులూ ఇంటివాళ్లూ తరచుగా అడిగే ప్రశ్నలు

సర్జన్‌గా నేను రోజూ వినే ప్రశ్నలివి. చాలామంది వీటిని కారిడార్‌లో, ఫారం చేత్తో పట్టుకుని, స్ట్రెచర్ థియేటర్ వైపు కదలబోతుంటే అడుగుతారు. ఆ హడావిడిలో సరైన జవాబు చెప్పడం కుదరదు. అందుకే తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను. చట్టం సంగతులు మన దేశానికి సంబంధించినవి. మీ ఒక్కరి కేసు గురించి అయితే మీ డాక్టర్నే అడగాలి, గొడవ ముదిరితే లాయర్ని అడగాలి.

కన్సెంట్ (అంగీకారం) అంటే ఫారం మీద సంతకమే కదా?

సంతకం ఆఖర్న వచ్చేది. దానికి ముందు మాట జరగాలి. జబ్బేమిటి, ఏ ఆపరేషన్ చేస్తారు, ఎలా చేస్తారు, దానివల్ల మేలెంత, ముఖ్యమైన ప్రమాదాలేమిటి, వేరే దారులున్నాయా, అసలు చేయించుకోకపోతే ఏమవుతుంది అనేవి రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. ఈ జాబితా నా సొంతం కాదు, 2008లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పులోది. ఎక్కడో ఒకరికి వచ్చే అరుదైన ప్రమాదాలన్నీ ఏకరువు పెట్టి రోగిని బెదరగొట్టనక్కర్లేదని కూడా అదే తీర్పు చెప్పింది.

పిత్తాశయంలో రాళ్లకు చేసే కెమెరా ఆపరేషన్ తీసుకోండి. (జనం దీన్ని 'లేజర్ ఆపరేషన్' అంటారు. అందులో లేజర్ ఏమీ ఉండదు.) లోపల అతుకులు ఎక్కువగా ఉంటే పొట్ట కోసి చేయాల్సి రావచ్చని చెప్పాలి. పైత్యరస నాళానికి దెబ్బ తగలడం చాలా తక్కువమందిలోనే జరుగుతుంది. కానీ జరిగితే మళ్లీ పెద్ద ఆపరేషన్, నెలల తరబడి అవస్థ. అందుకని అదీ చెప్పాలి. థైరాయిడ్ ఆపరేషన్ అయితే గొంతు మారే అవకాశం గురించి అందరికీ చెప్పాలి, రోజంతా పాఠాలు చెప్పే టీచరుకైతే ఇంకో రెండు నిమిషాలు కూర్చుని మరీ చెప్పాలి.

ఆ 2008 తీర్పు కథేంటి?

సమీరా కోహ్లీ కేసు అంటారు. కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మన ఆసుపత్రుల్లో దాదాపు ఇలాంటివి ఇప్పటికీ కనిపిస్తాయి.

1995లో ఢిల్లీలో 44 ఏళ్ల అవివాహిత ఒకావిడ, నెలసరి రక్తస్రావం ఆగడం లేదని క్లినిక్‌కి వెళ్లారు. లోపల ఏముందో కెమెరాతో చూస్తాం, అవసరమైతే పొట్ట తెరవాల్సి రావచ్చు అన్నారు. ఆవిడ సంతకం పెట్టారు. మత్తు ఇచ్చి చూశాక, గర్భసంచి తీసేయడమే మంచిదని డాక్టరుకు అనిపించింది. రోగి మత్తులో ఉన్నారు కాబట్టి బయట కూర్చున్న తల్లిని అడిగి ఒప్పించారు. గర్భసంచి, అండాశయాలు, అండనాళాలు అన్నీ తీసేశారు.

రోగి మైనరు కాదు, మతి స్థిమితంగా ఉన్న మనిషి. కాసేపట్లో మెలకువ వస్తుంది. ఆ కాసేపు ఆగితే ప్రాణం పోయే పరిస్థితేమీ లేదు. అలాంటప్పుడు తల్లి ఒప్పుకోవడం చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది. పరీక్షకు ఇచ్చిన అంగీకారం చికిత్సకు ఇచ్చినట్టు కాదు, ఒక ఆపరేషన్‌కి ఇచ్చింది ఇంకోదానికి పనికిరాదు అంది. డాక్టరు చేసిన ఆపరేషన్ వైద్యపరంగా సరైనదేనా అనే ప్రశ్న ఇక్కడ పక్కకు పోయింది. సరైనదే అయినా అడగకుండా చేస్తే తప్పే. పరిహారం మాత్రం రూ. 25,000, దానికి తోడు డాక్టరు ఫీజు వదులుకోవాలి. పదమూడేళ్లు కోర్టుల చుట్టూ తిరిగిన మనిషికి అదేం లెక్క అనిపిస్తుంది నాకు. అయినా ఈ రోజు మీరు సంతకం పెడుతున్న ఫారంలో ఉన్న గళ్లు చాలావరకు ఆ తీర్పు పుణ్యమే.

ఆపరేషన్ మధ్యలో సర్జన్ బయటికొచ్చి 'లోపల ఇంకోటి కనిపించింది, తీసేయమంటారా' అని అడుగుతారు. ఏం చెప్పాలి?

'ఇప్పుడు తీయకపోతే ప్రాణానికి ముప్పా, లేక లేచాక ఆయన్నే అడిగి చేయొచ్చా?' అని ఎదురు అడగండి. ముప్పు ఉంటే డాక్టరు చేయాల్సింది చేస్తారు, చట్టం ఆయన వైపే ఉంటుంది. ముప్పు లేకపోతే, రోగి తరఫున మీరు సరేననడం మీ చేతిలో లేని అధికారాన్ని వాడటమే.

అసలు మంచి పద్ధతి ముందు రోజే మాట్లాడుకోవడం. 'అపెండిక్స్ కోసం వెళ్లినప్పుడు అండాశయంలో గడ్డ కనిపిస్తే ఏం చేయమంటారమ్మా?' అని నేను రోగినే అడిగి, జవాబు కేస్ షీట్లో రాస్తాను. ఊహించగలిగిన వాటికి ముందే ఒప్పుకోలు తీసుకోవడానికి ఏ అడ్డూ లేదు.

నా భార్య ఆపరేషన్‌కి నేను సంతకం పెడితే సరిపోదా?

సరిపోదు. ఆవిడకు 18 ఏళ్లు నిండి, తెలివిలో ఉంటే సంతకం ఆవిడదే. 'మగదిక్కు ఎవరున్నారు, రమ్మనండి' అని పిలిచి ఆ వచ్చినాయనకే అంతా వివరించడం మన వార్డుల్లో ఏళ్ల తరబడి నడుస్తున్న అలవాటు. రోగి పక్కనే మంచం మీద ఉంటుంది, ఎవరూ ఆమె వైపు తిరగరు. ఇంటివాళ్లకు చెప్పడం మంచిదే, సాక్షిగా సంతకం తీసుకోవడమూ మంచిదే. ఆమె సంతకానికి అది బదులు కాదు.

పిల్లలు పుట్టే అవకాశం పోయే ఆపరేషన్లకు భార్యాభర్తలిద్దరి అంగీకారమూ ఉండాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనల్లో ఉంది. గర్భసంచి తీసేటప్పుడు భర్త సంతకం అడిగేది అందుకే. ప్రభుత్వ కుటుంబ నియంత్రణ మార్గదర్శకాలు మాత్రం కు.ని. ఆపరేషన్‌కి జీవిత భాగస్వామి అంగీకారం అక్కర్లేదంటాయి. చట్టబద్ధమైన గర్భస్రావానికి 18 నిండిన స్త్రీ ఒక్కతే ఒప్పుకుంటే చాలు. భర్త సంతకం కావాలని 1971 నాటి చట్టంలో ఎక్కడా లేదు.

గర్భసంచి తీసేయాలన్నారు. లేకపోతే క్యాన్సర్ అవుతుందట. వెంటనే ఒప్పుకోవాలా?

రక్తం ధారగా పోతుంటే తప్ప 'వెంటనే' అనే మాటకు తావు లేదు. మన రెండు రాష్ట్రాలకు ఈ ప్రశ్న ప్రత్యేకం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశం మొత్తం మీద సుమారు 3 శాతమే. మన ఆడవాళ్ల గర్భసంచులకే ప్రత్యేకంగా జబ్బులు రావు కదా.

తెల్లబట్ట అవుతోందనో, నడుం నొప్పి అనో, 'పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకది' అనో తీసేయించుకున్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ముప్పై అయిదేళ్లకే అండాశయాలతో సహా తీసేస్తే నెలసరి ఆగిపోయిన లక్షణాలు అప్పుడే మొదలవుతాయి, ఎముకలు గుల్లబారతాయి. ఈ సంగతి ఆపరేషన్‌కి ముందు చెప్పకపోతే ఆ సంతకానికి విలువేముంది? భయపెట్టి గానీ, ఉన్నది లేనట్టుగా చెప్పి గానీ తీసుకున్న అంగీకారం అంగీకారం కాదని భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 28వ సెక్షన్ చెప్తోంది.

ఇవి అడగండి: స్కానింగ్‌లో ఏముంది? గర్భసంచి లోపలి పొర నుంచి ముక్క తీసి పరీక్షకు పంపారా? మాత్రలతో గానీ, గర్భసంచిలో పెట్టే హార్మోన్ సాధనంతో గానీ కొన్నాళ్లు చూడొచ్చా? అండాశయాలు ఉంచుతారా, తీసేస్తారా? ఇంకో డాక్టరుకు చూపించుకొస్తానంటే మొహం చిట్లించుకునే డాక్టరు దగ్గర మరీ తప్పనిసరిగా ఇంకో డాక్టరుకు చూపించుకోండి.

నాన్నగారికి క్యాన్సర్ అని చెప్పొద్దు, ఆపరేషన్ మాత్రం చేసేయండి అంటే మీరెందుకు ఒప్పుకోరు?

అందరికంటే కష్టమైన ప్రశ్న ఇది. అడిగేవాళ్లు ప్రేమతోనే అడుగుతారు. 'తెలిస్తే మనిషి కుంగిపోతారు డాక్టరు గారూ' అంటారు. కొందరు నిజంగానే కుంగిపోతారు, కాదనను.

కానీ ఆపరేషన్ అయ్యాక బతకాల్సింది ఆయన. మలద్వారం దగ్గర క్యాన్సర్ అనుకుందాం. పేగును పొట్ట మీదికి తెచ్చి సంచి పెట్టాల్సి వస్తుంది. ఆ సంచి ఎక్కడ రావాలో ఆపరేషన్ ముందు రోజే పెన్నుతో గుర్తు పెడతాం. దానికి ఆయన్ని కూర్చోబెట్టాలి, నిలబెట్టాలి, వంగమనాలి. పంచె కడతారా, లుంగీయా, ప్యాంటా అని అడగాలి. ముడి ఎక్కడ పడుతుందో, బెల్టు ఎక్కడ వస్తుందో, కూర్చున్నప్పుడు పొట్ట ముడత ఎక్కడ పడుతుందో చూసి వాటిని తప్పించి, ఆయన కంటికి కనిపించి చేతికి అందే చోట గుర్తు పెట్టాలి. ఆడవాళ్లకైతే చీర కుచ్చిళ్లు దోపే చోటు చూసుకోవాలి. చోటు తప్పితే సంచి అంటుకోదు, కారుతుంది, చర్మం పుండవుతుంది, మనిషి నలుగురిలోకి రావడం మానేస్తాడు. 'చిన్న గడ్డ తీస్తున్నారంతే' అని నమ్మించిన మనిషితో ఇదంతా ఎలా చేయగలం? మెలకువ వచ్చాక దుప్పటి తీసి చూసుకుంటే ఇక మిమ్మల్నీ నమ్మరు, మమ్మల్నీ నమ్మరు.

నేను చేసేది ఇది. ముందు ఆయన్నే అడుగుతాను: 'రిపోర్టులు వచ్చాయండీ. వివరాలన్నీ మీకే చెప్పమంటారా, లేక అబ్బాయితో మాట్లాడమంటారా?' కొందరు 'మావాడికి చెప్పండి, వాడేమంటే అదే' అంటారు. అది ఆయన హక్కే. తెలుసుకోనని చెప్పే హక్కు కూడా రోగికి ఉంది. అప్పుడు కూడా ఏ భాగం పోతుంది, ఒంట్లో ఏం మార్పు వస్తుంది అన్నంతవరకు చెప్పకుండా థియేటర్‌లోకి తీసుకెళ్లను. చాలామంది పెద్దాయనలకు ముందే అనుమానం ఉంటుంది. ఇంట్లోవాళ్లు బాధపడతారని వాళ్లే తెలియనట్టు ఉంటారు.

ముహూర్తానికి సిజేరియన్ చేయించుకోవచ్చా? మా అత్తగారు టైమ్ కూడా పెట్టించారు.

సిజేరియన్ అవసరమని డాక్టరు తేల్చాక, నెలలు నిండాక, రెండు మూడు రోజుల్లో ఏ రోజైనా ఒకటే అయితే మీకు నచ్చిన గంట అడగడంలో తప్పులేదు. ముహూర్తం కోసమే సిజేరియన్ అయితే అది వేరే సంగతి. 39 వారాలు నిండకుండా కోసి తీస్తే కొందరు బిడ్డలకు ఊపిరి ఇబ్బందులొస్తాయి. 2019-21 సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, ప్రైవేటు ఆసుపత్రుల్లోనైతే 81.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం మీద 42.4 శాతం. ఇవన్నీ అవసరానికి జరిగినవంటే నేను నమ్మను.

కడుపు కోసేది అత్తగారిది కాదు, మీది. అడగాల్సిందీ చెప్పాల్సిందీ మీరే. ఇంకో మాట: సిజేరియన్ చేస్తూనే కు.ని. ఆపరేషన్ చేయడానికీ, కాపర్ టి వేయడానికీ విడిగా మీ ఒప్పుకోలు కావాలి. దాన్ని నొప్పులు మొదలు కాకముందే, చెకప్‌లప్పుడే తేల్చుకోవాలి. నొప్పుల మధ్య ఊపిన తలకాయను అంగీకారంగా లెక్కపెట్టడం నాకు ఎప్పుడూ సబబుగా అనిపించదు.

యాక్సిడెంట్ అయి స్పృహ లేదు, వెంట ఎవరూ లేరు. సంతకం లేకపోతే ఆపరేషన్ ఆగిపోతుందా?

ఆగకూడదు. ప్రాణం కాపాడటమే ముందని, పోలీసు కాగితాల కోసం ఆగొద్దని పరమానంద్ కటారా కేసులో 1989లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అంగీకారం తీసుకునే వీల్లేని పరిస్థితిలో మంచి ఉద్దేశంతో చేసిన చికిత్సకు న్యాయ సంహిత 30వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. చాలా ఆసుపత్రుల్లో ఇద్దరు డాక్టర్లు అవసరాన్ని కేస్ షీట్లో రాసి సంతకం పెట్టి మొదలుపెడతారు.

పిల్లలకు ఎవరు పెట్టాలి? హాస్టల్ వార్డెన్ పెడితే చెల్లుతుందా?

18 లోపు వారికి తల్లి గానీ తండ్రి గానీ చట్టబద్ధమైన సంరక్షకులు గానీ పెట్టాలి. ఎమర్జెన్సీ అయితే పైన చెప్పినట్టే. వార్డెన్ల సంతకం అనగానే నాకు గుర్తొచ్చేది ఖమ్మం జిల్లా. 2009లో అక్కడ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ప్రాజెక్టులో గిరిజన హాస్టల్ ఆడపిల్లలకు తల్లిదండ్రుల బదులు వార్డెన్ల చేత సంతకాలు పెట్టించారని బయటపడింది, 2010లో ప్రాజెక్టు ఆపేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దాన్ని గట్టిగా తప్పుపట్టింది. అది ఆపరేషన్ కాదు, ఒక ఇంజెక్షనే. అంగీకారం నియమం దానికీ అదే.

పదేళ్లు దాటిన పిల్లలకు సంతకం హక్కు లేకపోయినా విషయం వాళ్ల స్థాయిలో చెప్పండి. 'ఇంజెక్షనే కన్నా' అని తీసుకొచ్చి థియేటర్‌లో వదిలేస్తే ఆ పిల్లాడు మళ్లీ ఏ డాక్టర్నీ నమ్మడు.

ఒక్క ఆపరేషన్‌కి ఇన్ని సంతకాలెందుకు?

మత్తు ప్రమాదాలు వేరు కాబట్టి మత్తు డాక్టరు వచ్చి విడిగా మాట్లాడి తీసుకోవాలి. రక్తం ఎక్కించడానికి వేరే. గుండె, కిడ్నీ జబ్బులున్నవారికి 'హై రిస్క్' అని ఇంకోటి. దీన్ని చూసి టెన్షన్ పడకండి, కానీ మీ విషయంలో ఆ రిస్క్ ఏమిటో రాసి ఉందో లేదో చూడండి. ఊరికే 'హై రిస్క్ వివరించాం' అని ముద్ర కొట్టి ఉంటే వివరించమనండి. హెచ్‌ఐవీ పరీక్షకు కూడా అంగీకారం కావాలని 2017 నాటి చట్టం చెప్తోంది. పాజిటివ్ వచ్చిందన్న కారణంతో ఆపరేషన్ చేయడానికి నిరాకరించడం చట్టవిరుద్ధం.

ఫారం ఇంగ్లీషులో ఉంది. అమ్మకు చదువు రాదు.

తెలుగు ఫారం అడగండి, చాలాచోట్ల ఉంటుంది. లేకపోతే చదివి వినిపించి, తెలుగులో వివరించామని రాసి, వేలిముద్ర పక్కన సాక్షి సంతకం తీసుకోవాలి. ఆ సాక్షి ఆసుపత్రి మనిషి కాకుండా ఉంటే నయం. ఖాళీ గళ్లున్న ఫారం మీద ఎవరూ సంతకం పెట్టొద్దు. ఆపరేషన్ పేరు, ఏ వైపో, చేసే డాక్టరు పేరు, తేదీ, టైమ్ నిండాకే పెట్టండి. మత్తు మందు పడ్డాక, కళ్లు మూతలు పడుతుండగా పెట్టించిన సంతకం దండగ.

ఆరోగ్యశ్రీ అప్రూవల్ వచ్చింది. ఇంక కన్సెంట్ ఎందుకు?

అప్రూవల్ డబ్బుకి సంబంధించింది. ఆరోగ్యమిత్ర దగ్గర ఇచ్చిన కాగితాలు, ఫొటోలు ఆరోగ్యశ్రీ నడిపే ట్రస్టు కోసం. ఒంటి మీద కత్తి పెట్టడానికి అనుమతి వేరే. అప్రూవల్ వచ్చాక కూడా మీరు వద్దనొచ్చు.

'ఏం జరిగినా ఆసుపత్రికి బాధ్యత లేదు' అని రాసి ఉంది. సంతకం పెడితే కేసు వేసే హక్కు పోతుందా?

పోదు. చెప్పిన ప్రమాదం జాగ్రత్తగా చేసినా జరిగితే అది డాక్టరు తప్పు కాదు, అంతవరకే ఆ సంతకం పనికొస్తుంది. కడుపులో గుడ్డ మర్చిపోతేనో, ఎడమ కాలికి బదులు కుడి కాలు కోస్తేనో ఆ వాక్యం ఎవర్నీ కాపాడదు.

అన్నట్టు, థియేటర్‌లో ముగ్గురు మీ పేరు, ఆపరేషన్, ఏ వైపు అని మళ్లీ మళ్లీ అడిగితే విసుక్కోకండి. అది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన చెక్‌లిస్టు: మత్తుకు ముందు ఒకసారి, కోతకు ముందు ఒకసారి, ముగిశాక బయటికి తెచ్చేముందు ఒకసారి. అడగకపోతేనే అనుమానించాలి.

ఆపరేషన్ పెద్ద డాక్టరే చేస్తారా? పీజీ విద్యార్థులు చేస్తారా? ఫొటోలు తీస్తారా?

అడగండి, చెప్పాలి. టీచింగ్ ఆసుపత్రిలో పీజీలు పర్యవేక్షణలో కొంత భాగం చేయడం మామూలే, అలాగే నేర్చుకుంటారు, నేనూ అలాగే నేర్చుకున్నాను. దాచిపెట్టడమే తప్పు. మీరెవరో తెలిసిపోయే ఫొటోలు, వీడియోలు మీ అనుమతి లేకుండా ప్రచురించకూడదు. వాట్సాప్ గ్రూపులో పెట్టడం ప్రచురణ కాదన్నట్టు కొందరు ప్రవర్తిస్తారు.

వైద్య నీతిలో నాలుగు సూత్రాలంటారు, అవేంటి?

రోగి నిర్ణయాన్ని గౌరవించడం, మేలు చేయడం, కీడు చేయకపోవడం, అందరినీ న్యాయంగా చూడటం. పరీక్షల్లో రాయడానికి బాగుంటాయి. వార్డులో మొదటిదానికీ రెండోదానికీ రోజూ గొడవే. షుగరు ముదిరి కాలు కుళ్లిన మనిషి 'కాలు తీయొద్దు, పోతే పోతాను' అన్నప్పుడు ఆ రెండింటి మధ్య నలిగేది డాక్టరు. తెలివిలో ఉండి, అర్థం చేసుకుని అన్న మాటైతే చివరికి ఆయన మాటే చెల్లుతుంది. అయితే ఒక్కసారి అడిగి ఊరుకోను. మర్నాడు పొద్దున భార్య ఉన్నప్పుడు మళ్లీ వెళ్తాను, కృత్రిమ కాలు పెట్టుకున్నవాళ్లను చూపిస్తాను.

సంతకం పెట్టాక మనసు మార్చుకోవచ్చా?

మత్తు ఎక్కేవరకు ఎప్పుడైనా. కారణం చెప్పనక్కర్లేదు. 'డాక్టరు సలహాకు విరుద్ధంగా వెళ్తున్నాను' అని రాయించుకుంటారు, రాయండి. అప్పటిదాకా అయిన బిల్లు కట్టాలి. బిల్లు పేరుతో మనిషిని ఆపకూడదని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో ఉంది.

మా అమ్మానాన్నలు అమెరికాలో మా దగ్గరుండగా ఆపరేషన్ అవసరమైంది. నేనే తర్జుమా చేస్తే పోలేదా?

ఇంగ్లీషు రాని రోగులకు అక్కడి ఆసుపత్రులు ఉచితంగా దుబాసీని ఏర్పాటు చేయాలి, ఫోన్లోనో వీడియోలోనో తెలుగువాళ్లు దొరుకుతారు. వాడుకోండి. కొడుకు తర్జుమా చేస్తే 'మరణించే అవకాశం' అనే మాట 'కొంచెం రిస్క్' అయిపోతుంది. అమ్మ తన ఒంటి సంగతి కొడుకు ముందు చెప్పదు కూడా.

అడగకుండా ఏదో చేశారని అనుమానంగా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

రికార్డులతో. రాతపూర్వకంగా అడిగిన 72 గంటల్లో కాపీలు ఇవ్వాలని 2002 నిబంధనల్లో ఉంది. కన్సెంట్ ఫారాలన్నీ, ఆపరేషన్ నోట్సు, మత్తు చార్టు, తీసిన భాగానికి చేసిన బయాప్సీ రిపోర్టు, డిశ్చార్జి సమ్మరీ పేరుపేరునా రాసి అడగండి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ముందు ఆ డాక్టరుతో కూర్చుని మాట్లాడండి, సగం గొడవలు అక్కడే తేలతాయి. తేలకపోతే డాక్టరు ప్రవర్తన మీద రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కి, పరిహారం కోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ ఫిర్యాదుకు గడువు రెండేళ్లు, కాబట్టి తారీఖులు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.